మావయ్యగారి ఐసు పెట్టె

మా మావయ్యగారికి దేవుడి మీద కంటే ఐసు మీద నమ్మకం ఎక్కువ. ఈ మాట వెటకారానికి అనడం లేదు. భీమవరం దగ్గర మా ఊళ్ళో నా పెళ్ళికి చాలా ముందు నుంచీ రొయ్యల చెరువులు చేస్తున్న మనిషి. చెరువు పట్టిన రోజున రొయ్య వలలోంచి పైకి వచ్చింది మొదలు లారీ ఎక్కేదాకా ఆయన కళ్ళు ఐసు మీదే ఉంటాయి. ఐసు తక్కువైతే రొయ్య తల నల్లబడుతుంది. తల నల్లబడితే కొనేవాడు పెదవి విరుస్తాడు. అందుకని ఒక వరస ఐసు, ఒక వరస రొయ్య, మళ్ళీ ఐసు, అలా దగ్గరుండి వేయించేవారు. పనివాళ్ళు పార ఒక్కటి తక్కువ వేస్తే ఒంటికాలి మీద లేచేవారు.

హైదరాబాదులో ఉన్న చుట్టాలకు పంపాల్సి వస్తే ఇంకో మెట్టు పైకెక్కేవారు. దానికోసం ఇంట్లో ప్రత్యేకంగా ఒక థర్మాకోల్ పెట్టె ఉండేది. దాని అంచులకు బ్రౌన్ టేపు వేసి, లోపల మందపాటి పాలిథీన్ పరిచి, ఐసు పొడి పోసి, దాని మీద రాళ్ళుప్పు చల్లేవారు. ఉప్పు పడితే ఐసుకి చలి పెరుగుతుంది. మర్నాడు అక్కడ పెట్టె తెరిస్తే రొయ్యలు రాళ్ళలా గట్టిగా ఉండేవట. "మన రొయ్య ఎలా ఉందండి?" అని ఫోను చేసి, అవతలివాళ్ళు పొగిడేదాకా ఆయనకి అన్నం సహించేది కాదు. ఆ పెట్టెని ఇంకెవరూ ముట్టుకోకూడదు. నేను ఒకసారి అందులో ఉల్లిపాయలు పోశానని రెండు పూటలు నాతో మాట్లాడలేదు.

అత్తయ్యకి రొమ్ములో గడ్డ అని తేలినప్పుడు ఆయన ఆ పెట్టె పక్కనే, పెరటి మెట్ల మీద కూర్చుని ఏడ్చారు. ఆయన ఏడవడం నేను చూడటం అదే మొదటిసారి.

అత్తయ్య నాకు మేనత్త. నాన్నకి స్వయానా చెల్లెలు. కోడల్ని అయ్యాక కూడా "అత్తా, నువ్వు" అనే చనువు పోలేదు. మా ఇద్దరికీ నోరు ఎక్కువే. పొద్దున్న పోట్లాడుకుని, మధ్యాహ్నం ఒకే కంచంలో ఆవకాయ అన్నం కలుపుకున్న రోజులు ఎన్నో. మావయ్యగారితో మాత్రం ఎప్పుడూ "అండీ" అనే. మా ఆయన చెరువుల దగ్గర ఉండక తప్పేది కాదు. అందువల్ల రాజమండ్రి ఆస్పత్రికి మేం ముగ్గురం వెళ్ళి వచ్చేవాళ్ళం. కారు మావయ్యగారే నడిపేవారు, అత్తయ్య వెనక సీట్లో నా ఒళ్ళో తల పెట్టుకుని పడుకునేది.

అక్కడి డాక్టరమ్మ నాకంటే చిన్నది. అయినా ఓపిక ఉన్న మనిషి. ఆపరేషన్ అయిపోయాక కీమో, అది పూర్తయ్యాక రేడియేషన్ కరెంటు పెట్టడం, ఇదీ వరస అని చెప్పింది. మొదటి కీమో తర్వాత రక్తపరీక్షలో తెల్లకణాలు బాగా తగ్గాయి. అప్పుడు మమ్మల్ని కూర్చోబెట్టి తాపీగా వివరించింది. తెల్లకణాలు ఎముకల లోపల మూలుగలో పుడతాయని, కీమో మందు చెడ్డ కణాలతో పాటు ఆ మూలుగని కూడా దెబ్బ కొడుతుందని, తెల్లకణాలు లేని ఒంట్లో చిన్న జలుబు కూడా ప్రాణం మీదికి తెస్తుందని చెప్పింది. ఈసారి కీమో అయిన మర్నాటి నుంచి ఇంటి దగ్గరే రోజూ ఒక ఇంజక్షన్ చేయించుకోవాలంది. అది మూలుగని తట్టి లేపుతుందట.

"అణు ప్రమాదాల్లో రేడియేషన్ తగిలి మూలుగ పాడైనవాళ్ళకి కూడా ఈ మందే ఇస్తారండి" అంది.

"అయితే నేను యుద్ధంలోంచి వచ్చినట్టే" అంది అత్తయ్య. డాక్టరమ్మ నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు.

"ఎముకల్లో నొప్పులు వస్తాయి, నడుములోనూ తొడల్లోనూ. భయపడకండి. మందు పనిచేస్తుంటే అలాగే ఉంటుంది" అని కూడా చెప్పింది. ఆ మాట ఆ రోజు మాకు పెద్దగా పట్టలేదు.

రొయ్యలవాళ్ళకి కౌంట్ అంటే కిలోకి ఎన్ని తూగుతాయన్నది. అది తగ్గితే రొయ్య పెద్దదైనట్టు, రేటు పెరిగినట్టు. తిరుగు ప్రయాణంలో అత్తయ్య వెనక సీట్లోంచి, "రొయ్య కౌంట్ తగ్గితే పండగ చేసుకుంటారు కదా, నా కౌంట్ తగ్గితే మొహాలు అలా పెట్టేరేంటి?" అంది. మావయ్యగారు అద్దంలో ఆవిడ వైపు చూసి, "నువ్వు కాసేపు నోరు మూసుకో" అన్నారు. 

రెండో కీమో అయ్యాక మందుల షాపులో ఇంజక్షన్లు తీసుకున్నాం. సన్నటి సిరంజిలో ముందే నింపిన మందు, ఒక్కొక్కటీ ఒక్కో అట్టపెట్టెలో ఉంది. షాపతను వాటిని ఒక కవర్లో వేసి, పక్కన ఐసుకి బదులు వాడే నీలం రంగు జెల్ ముక్క ఒకటి పెట్టి, "చల్లగా ఉంచండి, వేడి తగిలితే పాడైపోతుంది" అని చెప్పి తర్వాతివాళ్ళ చీటీ అందుకున్నాడు. మావయ్యగారు ఆ కవరు పట్టుకుని, రొయ్యల మార్కెట్లో తక్కువ ఐసు వేసిన ట్రేని చూసినట్టు చూశారు.

"ఈ ముక్క ఐసు తణుకు దాకా కూడా రాదమ్మా. వీళ్ళకి ఐసంటే ఏం తెలుసు" అన్నారు.

తన పెట్టె ఆయన కారు డిక్కీలో వేసుకునే వచ్చారు. పొద్దున్న వచ్చే దారిలోనే ఐసు కొన్నారు. రాళ్ళుప్పు పొట్లం ఇంటి నుంచే తెచ్చుకున్నారు. ఆస్పత్రి గేటు ముందు, ఎండలో, కారు డిక్కీ తెరిచి ఆయన ఆ అట్టపెట్టెల్ని ఒక్కొక్కటే పాలిథీన్‌లో చుట్టి, కింద ఐసు, మధ్యన మందు, పైన ఐసు, దాని మీద ఉప్పు వేసి పేర్చారు. ఎంత శ్రద్ధగా పేర్చారంటే, పూజ గదిలో అత్తయ్య దేవుడి పటాలు సర్దినట్టే ఉంది. నాకు ముచ్చటేసింది. అత్తయ్య కారులోంచి చూసి, "నన్ను కూడా అందులో పెట్టేస్తే సరిపోయేది" అంది.

ఇంటికి వచ్చాక కూడా వాటిని ఫ్రిజ్‌లో పెట్టనివ్వలేదు. మా ఊళ్ళో కరెంటు ఎప్పుడు పోతుందో ఎవరికీ తెలియదు, ఉన్నప్పుడు కూడా వోల్టేజీ నిలకడగా ఉండదు. పిల్లలు నీళ్ళ కోసం మాటిమాటికీ తలుపు తెరుస్తారు. ఫ్రిజ్‌ని నమ్మడానికి లేదని ఆయన తేల్చేశారు. రోజూ పొద్దున్నే ఐసు ఫ్యాక్టరీకి స్కూటర్ మీద వెళ్ళి పొడి కొట్టించి తెచ్చి, కరిగిన నీళ్ళు వంచేసి, కొత్త ఐసు వేసి, ఉప్పు చల్లి మూత పెట్టి టేపు అంటించేవారు. ఒక్క పూట తప్పలేదు. వర్షంలో కూడా వెళ్ళారు.

ఇంజక్షన్ చేయడానికి మా వీధి చివర ఉండే నర్సమ్మగారు సాయంత్రం వచ్చేది. ఆవిడ వచ్చే ముందే మావయ్యగారు పెట్టె తెరిచి ఒక సిరంజి బయటకు తీసేవారు. తీసి, రెండు అరచేతుల మధ్యా పెట్టుకుని, అత్తయ్య మంచం పక్కన కుర్చీలో కూర్చునేవారు. చల్లటి మందు ఒంట్లోకి వెళ్తే ఆవిడకి జిల్లుమని నొప్పి పుడుతుందని ఆయన భయం.

"గట్టిగా ఉంది. చెక్కు చెదర్లేదు" అనేవారు ఒకోసారి, మెచ్చుకోలుగా. అది పూర్తిగా నీళ్ళయ్యేదాకా చేతులు విడదీసేవారు కాదు. నర్సమ్మగారు వచ్చేసరికి సిరంజి మామూలుగా, గోరువెచ్చగా ఉండేది. ఆవిడకి అనుమానం రావడానికి ఏమీ లేదు. అత్తయ్య ఆ అరచేతుల వైపు చూస్తూ పడుకునేది. 

నొప్పులు రాలేదు. డాక్టరమ్మ చెప్పిన నడుము నొప్పి గానీ, తొడల్లో సలుపు గానీ ఏదీ లేదు. "ఎంత మంచి మందో, ఒంట్లోకి వెళ్ళినట్టే లేదు" అని సంబరపడ్డాం. మావయ్యగారైతే అది తన ఐసు మహిమే అనుకున్నారు. నోటితో అనలేదుగానీ మొహంలో కనిపించింది.

ఈలోగా చుట్టాలు మొదలయ్యారు. మా వైపు మనిషి మంచాన పడితే పలకరించడానికి వెళ్ళకపోవడం పెద్ద తప్పు. వెళ్ళినవాళ్ళని గుమ్మంలో ఆపడం అంతకంటే తప్పు. నేను ఆ తప్పు రోజూ చేశాను. గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుని, "లోపలికి వద్దండి, ఆవిడకి తెల్లకణాలు లేవండి" అని అందరికీ చెప్పి పంపించేదాన్ని. నా గురించి ఎవరేం అనుకుంటారో అని బాధపడలేదు. ఆవిడ బతికితే చాలు, నేను గయ్యాళినైనా పరవాలేదు అనుకున్నాను. మా పెద్ద ఆడపడుచు అన్నవరం వెళ్ళి ఆకు పొట్లంలో ప్రసాదం తెచ్చింది. బయటి తిండి తినకూడదని డాక్టరమ్మ చెప్పింది కదా అని అది కూడా పెట్టనివ్వలేదు. అత్తయ్య ఆ పొట్లం కళ్ళకద్దుకుని, వాసన చూసి, తిరిగి ఇచ్చేసింది. ఆ నూక ప్రసాదం అంటే ఆవిడకి ప్రాణం. ఒక్క ముద్ద పెట్టినా ఏమయ్యేది కాదేమో అని ఇప్పుడు అనిపిస్తుంది.

అంత జాగ్రత్తగా ఉన్నా, భీమవరంలో రక్తపరీక్ష చేయిస్తే కణాలు పెరగలేదు. ఇంకా పడిపోయాయి. డాక్టరమ్మకి ఫోను చేస్తే మరికొన్ని ఇంజక్షన్లు రాసి పంపింది. మావయ్యగారు ఆ మధ్యాహ్నమే రాజమండ్రి వెళ్ళి తెచ్చారు. ఈసారి ఐసు ఇంకా ఎక్కువ వేశారు. ఉప్పు కూడా ఎక్కువ చల్లారు. మందు పనిచేయలేదంటే ఎక్కడో చలి తగ్గిందని ఆయన లెక్క.

తర్వాత జ్వరం వచ్చింది. పొద్దున్న కాఫీ ఇవ్వడానికి వెళ్ళి చెయ్యి పట్టుకుంటే కాలిపోతోంది. పెదాలు వణుకుతున్నాయి. డాక్టరమ్మ జ్వరం వస్తే ఒక్క గంట కూడా ఆగొద్దని ముందే చెప్పి ఉంది. అప్పటికప్పుడు కారు తీశాం.  దారి పొడుగునా మావయ్యగారు హారను కొడుతూనే ఉన్నారు.

ఆస్పత్రిలో అత్తయ్యని గాజు తలుపుల గదిలో పడుకోబెట్టి, సెలైన్లో మందులు ఎక్కించారు. మావయ్యగారిని కింద కౌంటర్లో సంతకాలకి పిలిచారు. ఆయన కిందికి వెళ్ళాక డాక్టరమ్మ వచ్చింది. రిపోర్టులు తిరగేసి అత్తయ్యని అడిగింది.

"అమ్మా, ఇంటి దగ్గర ఇంజక్షన్లు అన్నీ చేయించుకున్నారు కదా?"

"చేయించుకున్నానండి."

"ఎక్కడ పెట్టేవారు? ఫ్రీజర్లో గానీ పెట్టలేదు కదా? ఆ మందు చల్లగా ఉండాలి గానీ గడ్డకట్టకూడదు. గడ్డకడితే మళ్ళీ కరిగించినా ఇక నమ్మడానికి లేదు."

 నేను అత్తయ్య వైపు చూశాను. అత్తయ్య నా వైపు చూసింది. మేమిద్దరం మనసులో ఒకే సిరంజిని చూస్తున్నాం, ఆయన అరచేతుల మధ్య ఉన్నదాన్ని. అత్తయ్య కూడా రొయ్యల ఇంటి మనిషే. ఉప్పు చల్లిన ఐసు ఏం చేస్తుందో ఆవిడకి ఎవరూ చెప్పక్కర్లేదు.

నేను నోరు తెరిచేలోగా ఆవిడ నా ముంజేయి పట్టుకుంది. జ్వరంతో కాలుతున్న ఆ చేతిలో అంత బలం ఎక్కడిదో.

"ఫ్రిజ్‌లోనే పెట్టేమండి. పాల గిన్నె పక్కన" అంది.

డాక్టరమ్మ తల ఊపి, "అయితే మూలుగే స్పందించట్లేదేమో, చూద్దాం" అని రాసుకుంటూ బయటికి వెళ్ళింది.

తలుపు మూసుకోగానే అత్తయ్య నన్ను దగ్గరకు వంగమంది. "మీ మావయ్యకి తెలిస్తే ఇంక లేవడు. నువ్వు చెప్పేవంటే నా మీద ఒట్టే."

"నీ ప్రాణం పోతుంటే ఆయన మనసు గురించి ఆలోచిస్తావేంటే అత్తా" అన్నాను. ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. ఆవిడ కళ్ళు మూసుకుంది. ముంజేయి మాత్రం వదల్లేదు.

ఆవిడకి ఇచ్చిన మాట సగమే నిలబెట్టుకున్నాను. ఆవిడ నిద్రపోయాక డాక్టరమ్మ గదికి వెళ్ళి ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. పెట్టె, ఐసు, ఉప్పు, అరచేతులు, అన్నీ చెప్పాను. ఆవిడ పెన్ను కింద పెట్టి వింది. తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది.

"చెప్పడం మంచిదైందండి. ఇక్కడ మా దగ్గరున్న మందే ఇస్తాం. దానివల్లే ఇలా అయ్యిందని నేను గట్టిగా చెప్పలేను. కొంతమందికి ఎంత మంచి మందు ఇచ్చినా ఆలస్యం అవుతుంది" అంది. తర్వాత నేను అడగకుండానే, "ఆయనకి నేను చెప్పను" అంది.

అప్పటినుంచి నేను కోరుకున్నది ఒక్కటే. ఇక్కడి మందు కూడా పనిచేయకపోతే అత్తయ్య పోతుంది. పనిచేస్తే ఆవిడ బతుకుతుంది, కానీ ఇంటి దగ్గర జరిగింది ఏమిటో రుజువైపోతుంది. బతికితే చాలు, రుజువైతే అవనీ, ఎవరికి కావాలి అనుకున్నాను.

మొదట వచ్చింది నొప్పి. నడుము విరిగిపోతోందని, తొడల లోపల ఎవరో పిండుతున్నారని అత్తయ్య మూలిగింది. నర్సు చూసి, "మంచిదేనండి, మందు పనిచేస్తోంది" అంది. నేను వరండాలోకి వచ్చి గోడకి ఆనుకుని నిలబడ్డాను. ఇంటి దగ్గర ఒక్క రోజు కూడా ఈ నొప్పి రాలేదు. ఒంట్లోకి వెళ్ళినట్టే లేదని మేం సంబరపడిన రోజులు కళ్ళ ముందు తిరిగాయి.

తర్వాత కణాలు పెరిగాయి. రిపోర్టు తీసుకుని మావయ్యగారు మెట్లెక్కి పరుగులాంటి నడకతో వచ్చారు. "చూసేవా అమ్మా, పెరుగుతున్నాయి! మనం చేయించిన ఇంజక్షన్లు ఇప్పటికి పట్టినట్టున్నాయి" అన్నారు. ఆయన మొహం వెలిగిపోతోంది. నేను "ఆయ్, అవునండి" అన్నాను. ఆ ఒక్క మాట అనడానికి నాకు పట్టిన కష్టం దేవుడికే తెలియాలి.

కానీ తెల్లకణాలు వచ్చేసరికి ఊపిరితిత్తుల్లో ఇన్‌ఫెక్షన్ చేరిపోయింది. ఆవిడకి ఊపిరి ఆడటం కష్టమైంది. మిషను పెట్టాలన్నారు. పెడితే ఇక మాట్లాడలేరని, ముందుగా ఒక్కొక్కళ్ళనే లోపలికి పంపారు. మావయ్యగారు లోపలికి వెళ్ళడం నేను గాజు తలుపులోంచి చూశాను. అత్తయ్య ఆయన రెండు చేతులూ పట్టుకుని, ఆ అరచేతుల్ని తన బుగ్గలకి ఆనించుకుని, అలాగే ఉండిపోయింది. నర్సు వచ్చి విడిపించేదాకా వదల్లేదు.

ఆ తర్వాత ఆవిడ మాట్లాడలేదు. మిషను మీద ఉండగానే, ఒక ఆదివారం మధ్యాహ్నం పోయింది.

ఇంటి నిండా మళ్ళీ చుట్టాలు చేరారు. ఇప్పుడు గేటు దగ్గర ఆపాల్సిన పని లేదు. వచ్చినవాళ్ళందరికీ మావయ్యగారు ఒకే మాట చెప్పేవారు. "నా చేతనైంది నేను చేసేనండి. మందు విషయంలో మాత్రం లోటు లేదు. ఒక్క పూట ఐసు కరగనివ్వలేదు." వాళ్ళు "అవునండి, మీరు కాబట్టి చేసేరు" అనేవారు. ఆ మాట పట్టుకునే ఆయన నిలబడ్డారు. రోజూ రెండు ముద్దలైనా తిన్నారంటే ఆ మాటవల్లే. నేను కాఫీ గ్లాసులు అందిస్తూ వినేదాన్ని. ఒకోసారి ఆ ట్రే నేలకేసి కొట్టి, మీ ఐసే చంపింది మావయ్యగారూ అని అరవాలనిపించేది. మరుక్షణం ఆ చేతుల మధ్య సిరంజి గుర్తొచ్చేది. అంత ప్రేమ మీద ఎలా కోప్పడాలో నాకు తెలియలేదు. అలాగని క్షమించడమూ చేతకాలేదు.

మా ఆయనకి కూడా చెప్పలేదు. ఆవిడ ఒట్టు పెట్టించుకుంది నా ఒక్కదాని చేతే.

కొన్ని నెలలు గడిచాయి. మా చెరువుల పక్కనే కౌలు చెరువు చేసుకునే ఆయన ఒక రోజు పొద్దున్న మా అరుగు మీదికి వచ్చి కూర్చున్నాడు. వాళ్ళావిడకి కూడా రాజమండ్రిలోనే కీమో నడుస్తోంది. కణాలు తగ్గాయట, ఇంజక్షన్లు రాశారట.

"మీరు చాలా జాగ్రత్తగా తెచ్చేరని అందరూ చెప్పేరండి. మీ పెట్టె ఓసారి ఇస్తారా? ఐసు ఎలా వెయ్యాలో కూడా మీరే చూపించాలండి" అన్నాడు.

అత్తయ్య పోయాక మావయ్యగారు అంత చురుగ్గా కుర్చీలోంచి లేవడం అదే మొదలు. "ఉండండి, ఉండండి" అంటూ పెరట్లోకి వెళ్ళి పెట్టె తెచ్చారు. తుడిచారు. టేపు కొత్తది వేశారు. పొద్దున్న చేపలకని తెప్పించిన ఐసు బకెట్లో ఉంటే అది పోసి చూపించారు. "ఇదిగో, కింద ఇంత మందాన. మధ్యన మందు. పైన మళ్ళీ ఇంత. దీని మీద అసలు సంగతి ఉంది." వంటింటి వైపు తిరిగి పిలిచారు. "అమ్మా, రాళ్ళుప్పు డబ్బా ఇలా పట్రా."

డబ్బా తీసుకుని గుమ్మం దాకా వచ్చాను. అక్కడే ఆగాను.

ఆ కౌలు రైతు మొహం చూశాను. భయంతో, ఆశతో, మావయ్యగారి చేతులవైపే చూస్తున్నాడు. మేం ముగ్గురం ఆస్పత్రి గేటు ముందు ఎలా ఉన్నామో ఇతను అలాగే ఉన్నాడు. అత్తయ్య పెట్టించుకున్న ఒట్టు గుర్తుంది. కానీ ఇంటి దగ్గర ఆ ఇల్లాలు పడుకుని ఉంది.

"ఉప్పు వద్దు మావయ్యగారూ" అన్నాను.

"వద్దేంటి? ఉప్పు లేకపోతే..."

"ఐసు కూడా మందుకి తగలకూడదండి. చల్లగా ఉండాలి గానీ గడ్డకట్టకూడదు. గడ్డకడితే మందు పాడైపోతుంది. కరిగించినా పనిచేయదు."

  మావయ్యగారు నా వైపు చూశారు.

"ఎవరు చెప్పేరు?"

"డాక్టరమ్మండి."

"ఎప్పుడు?"

నేను తల దించుకున్నాను.  ఆయన పెట్టెలోకి వంగి చూశారు. తర్వాత రెండు చేతులతో ఐసు తోడి బకెట్లో పోశారు. పెట్టె పొడిగుడ్డతో తుడిచారు.

"అయితే ఎలా కట్టాలో చెప్పమ్మా. నేను కడతాను."

ఆస్పత్రిలో నర్సుని అడిగి తెలుసుకున్నది చెప్పాను. షాపులో ఇచ్చే జెల్ ముక్కల్ని గుడ్డలో చుట్టాలి, అవి ఒక పక్కన, మందు ఇంకో పక్కన ఉండాలి, మధ్యలో కాగితాలు మడతపెట్టాలి, ఇంటికి రాగానే ఫ్రిజ్ మధ్య అరలో పెట్టాలి, ఫ్రీజర్ దరిదాపులకి పోకూడదు. నేను ఒక్కొక్కటీ చెప్తుంటే ఆయన చేసి చూపించారు. ఆయన చేతులు ఎప్పటిలాగే నేర్పుగా కదిలాయి. "అర్థమైందా అండి? మళ్ళీ చెప్పమంటారా?" అని రెండుసార్లు అడిగారు. కౌలు రైతు దణ్ణం పెట్టి పెట్టె తీసుకుని వెళ్ళాడు.

అతను వీధి మలుపు తిరిగేదాకా మావయ్యగారు అటే చూశారు. తర్వాత కుర్చీలో కూర్చున్నారు. నా చేతిలో ఉప్పు డబ్బా ఇంకా అలాగే ఉంది.

"మీ అత్తయ్యకి తెలుసా?"

అబద్ధం చెప్దామనుకున్నాను. తెలియదండి అంటే సరిపోయేది. కానీ ఆవిడ ఆయన కోసం అంత పెద్ద అబద్ధం ఆడితే, దాని మీద నేను ఇంకోటి ఆడలేకపోయాను.

"తెలుసండి. మీకు చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకుంది."

ఆయన తన అరచేతులు తిప్పి చూసుకున్నారు. ఐసు తోడిన చేతులు, ఎర్రగా, తడిగా ఉన్నాయి.

"అందుకేనా అమ్మా, ఆ రోజు నా చేతులు వదల్లేదు?"

"అందుకేనండి" అన్నాను.